క్యాచర్ వాళ్ళమ్మ

మా అమ్మాయి అబిగేల్ బేస్‌బాల్ ఆడే మైదానంలో నా పేరు ఎవరికీ తెలియదు. బాలకుమారి అన్న పేరు వాళ్ళ నోళ్ళకి తిరగదు, తిప్పుకోమని నేనూ పట్టుబట్టలేదు. అందరూ నన్ను క్యాచర్ వాళ్ళమ్మ అనేవాళ్ళు. కెనడా వచ్చి ఈ సార్నియా ఊళ్ళో కాపురం పెట్టిన ఇన్నేళ్ళలో నాకు దక్కిన బిరుదు అదొక్కటే. అమృత మా ఇంటికొచ్చిన ఎండాకాలంలో ఆ బిరుదు నా చేతుల్లోంచి జారిపోతుంటే నేను పెద్దమనసు చేసుకుని ఊరుకున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నాకు అంత పెద్ద మనసు లేదు. ఉందని ఎప్పుడూ చెప్పుకోలేదు కూడా.

క్యాచర్ అంటే, బ్యాట్ పట్టుకున్న పిల్ల వెనకాల గొంతుక్కూర్చుని, అవతలి నుంచి విసిరే బంతిని పట్టుకునే పిల్ల. జట్టులో మిగతావాళ్ళంతా గడ్డిలో నిలబడి చూయింగ్ గమ్ నములుతుంటారు. బంతులన్నీ వచ్చేది దీని మీదకే. అందుకని ముఖానికి ఇనప చువ్వల మాస్కు, ఛాతీకి దళసరి పరుపులాంటి కవచం, మోకాళ్ళ నుంచి పాదాల దాకా ప్లాస్టిక్ గార్డులు కట్టుకుంటుంది. ఎడమ చేతికి పెద్ద గ్లవ్. కుడిచేతికి మాత్రం ఏమీ ఉండదు, ఎందుకంటే పట్టిన బంతిని ఆ చేత్తోనే తిరిగి విసరాలి. బ్యాట్ అంచుకి తగిలీ తగలనట్టు తగిలిన బంతి ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి, ఆ ఉత్త చేతిని వీపు వెనక దాచుకోవాలి. కోచ్ రాన్ మొదటి రోజునే మా పిల్లకి ఇది చెప్పాడు. ఊళ్ళోని రసాయనాల ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి, గొంతు సైరన్‌కి తక్కువ కాదు. ‘చెయ్యి దాచు’ అని ఆయన నాలుగేళ్ళుగా అరుస్తూనే ఉన్నాడు.

ఇంకెవరూ ఒప్పుకోనందువల్ల మా అబ్బీకి ఆ చోటు దక్కింది. దానికి తొమ్మిదేళ్ళప్పుడు ఆ గేరు తొడిగితే నడిచే కుర్చీలాగా ఉంది. వద్దన్నాను. అది వినలేదు. వినకపోతే నేనేం చేస్తాను, గేరు పని నేర్చుకున్నాను. గార్డుల పట్టీలు ఏది ఎంత బిగించాలో, మాస్కు లోపలి స్పాంజికి చెమట కంపు పోవాలంటే దేనితో కడగాలో, తొడ మీద నీలంగా కమిలిన చోట ఐసు ఎంతసేపు పెట్టాలో అన్నీ నాకు వచ్చు. ఆడపిల్లల జట్టు కాబట్టి బెంచీలో ఒక ఆడమనిషి ఉండాలని రాన్ అడిగితే నేనే వెళ్ళి కూర్చున్నాను. వృద్ధుల హోమ్‌లో నా డ్యూటీలన్నీ ఆటల రోజులు తప్పించి వేయించుకున్నాను. అది బ్యాటింగ్ నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి నా ముందు కాళ్ళు చాపేది, నేను వంగి టకటకా పట్టీలు పెట్టేదాన్ని. నా కూతురు నాకు పూర్తిగా దొరికేది ఆ కాసేపే. ఇంట్లో మాట్లాడితే ఒక్క ముక్కలో జవాబు, అదీ ఇంగ్లీషులో.

అది రెండువేల ఇరవైమూడు. మా ఊరి కాలేజీకి మన పిల్లలు తండోపతండాలుగా దిగుతున్న రోజులు. వాల్‌మార్ట్‌లో ఏ వరసలో నిలబడినా తెలుగు వినపడేది. ఒక్కో గదిలో నలుగురేసి పడుకుంటున్నారని, బస్సు దొరక్క మంచులో నడిచి క్లాసులకి పోతున్నారని పాస్టరుగారు ఆదివారం కూటంలో చెప్పి, బేస్‌మెంటులున్నవాళ్ళు తలుపులు తెరవాలన్నారు. అంటూ ఆయన నా వైపే చూశారు. ఆడపిల్ల అయితే సరేనన్నాను. మా ఆయన ఎలియాజరుకి ప్లాంటులో ఎప్పుడూ షిఫ్టులే, ఇంట్లో ఇంకో మనిషి ఉంటే మంచిదే అన్నాడు. ఏప్రిల్ నెలలో రెండు సూట్‌కేసులతో అమృత దిగింది. హనుమకొండ పిల్ల. ఇరవై మూడేళ్ళు. పొడుగ్గా, చామనఛాయగా ఉంది, తల దించుకుని మాట్లాడుతుంది. పాపం అనిపించింది. ఆ పాపం అనిపించడం ఒక వారం నడిచింది.

వారం తరవాత ఒక సాయంత్రం అబ్బీ పెరట్లో గ్యారేజీ గోడకి బంతి కొట్టి పట్టుకుంటోంది. అమృత కాఫీ షాపులో పని ముగించుకుని వచ్చి కాసేపు నిలబడి చూసింది.

“ఇటియ్యి, నేనేస్త,” అంది.

అబ్బీ బంతి ఇచ్చింది. అమృత బంతి వెయ్యలేదు. అబ్బీనే వెయ్యమని, తను జీన్స్ ప్యాంటుతోనే గొంతుక్కూర్చుంది. అలా కూర్చోవడంలోనే తెలిసిపోయింది, ఆ పిల్లకి అది కొత్త కాదు. బంతి ఎటు వేసినా రెండు చేతులూ కలిపి పట్టింది. చప్పుడు కూడా రాలేదు.

“నేను యూనివర్సిటీ టీమ్‌కి వికెట్ కీపర్‌ని ఆంటీ,” అంది కిటికీలోంచి చూస్తున్న నాతో, సిగ్గుపడుతూ. “గీ ఆట తెల్వదు గానీ కూర్చునుడు ఒకటే గదా.”

అబ్బీ నోరు తెరుచుకుని చూస్తోంది. నాలుగేళ్ళుగా దాని పట్టీలు బిగించిన నన్ను అది ఒక్కసారి కూడా అలా చూడలేదు.

ఆ మర్నాటి నుంచి సాయంత్రం అయితే చాలు, ఇద్దరూ పెరట్లోనే. గాజు కిటికీలు పగలకుండా టెన్నిస్ బంతులు తెచ్చుకున్నారు. ఒకరోజు నేను వంకాయ వేపుడు చేస్తుంటే బయట నుంచి మాట వినపడింది.

“అక్కా, గిట్లనా?”

నా చేతిలో గరిటె ఆగిపోయింది. నా కూతురు తెలుగు మాట్లాడుతోంది. అది పుట్టినప్పటి నుంచీ నేను తెలుగులోనే పలకరిస్తున్నాను. సండేస్కూల్లో తెలుగు క్లాసు పెట్టించాను, అక్షరాల బొమ్మలు బాపట్ల నుంచి తెప్పించి గోడకి అంటించాను. బదులుగా వచ్చిందల్లా ఇంగ్లీషే. ఇప్పుడీ పిల్ల నెల తిరక్కుండా దాని నోరు తెరిపించింది. పైగా అది మా బాపట్ల తెలుగు కూడా కాదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఎలియాజరుతో అన్నాను. “విన్నారా, గిట్ల గట్ల అంటోంది మీ కూతురు.”

“మంచిదే కదా కుమారీ. తెలుగు రావట్లేదని ఏడ్చావుగా ఇన్నాళ్ళూ.”

“అది తెలుగా?”

“నువ్వు నేర్పినప్పుడు అది కూడా రాలేదుగా,” అని ఆయన తాపీగా మజ్జిగ పోసుకున్నాడు. షిఫ్టు మనిషికి ఏం తెలుస్తుంది.

మే నెలలో ఆటలు మొదలయ్యాయి. అమృతకి కారు లేదు, ఆటలు చూస్తానంటే నేనే తీసుకెళ్ళాలి. నా పక్క సీటులో కూర్చునే అబ్బీ వెనక సీటుకి మారింది, అక్కతో మాట్లాడాలట. దారి పొడుగునా వెనకాల గుసగుసలు, నవ్వులు. నేను ముందు ఒక్కదాన్నే, అద్దెకి తెచ్చుకున్న డ్రైవరులాగా. అద్దంలో చూస్తే అబ్బీ తల అమృత భుజం మీద ఉండేది. ‘ఏంటంత నవ్వు’ అని ఒకటి రెండుసార్లు అడిగాను. ‘ఏం లేదు మామ్’ అంది. మూడోసారి అడగలేదు, పరువు పోతుందని.

రెండో ఆటలోనో మూడో ఆటలోనో గాల్లోకి లేచిన బంతి ఒకటి కంచె దాటి జనం వైపు వచ్చింది. తల్లులందరూ తలల మీద చేతులు పెట్టుకున్నారు. అమృత రెండడుగులు పక్కకి వేసి ఉత్త చేతులతో దాన్ని పట్టేసింది. రాన్ బెంచీలోంచి చూశాడు. ఆట అయ్యాక నా దగ్గరికి వచ్చి, ఆ అమ్మాయి బెంచీలో ఉంటే పిల్లలకి వార్మప్ చేయించడానికి పనికొస్తుంది, ఆడమనిషి ఒకరు ఉంటే చాలు కదా, నీకు కూడా కాస్త విశ్రాంతి దొరుకుతుంది అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. మర్యాదగా అనేసరికి నాకు పోట్లాడటానికి ఏమీ మిగల్లేదు.

అలా నేను కంచె బయటికి వచ్చి మడత కుర్చీ వేసుకున్నాను. అబ్బీ పరిగెత్తుకొచ్చి కాళ్ళు చాపేది అమృత ముందు. అమృత వంగి పట్టీలు పెట్టేది. మొదట్లో తికమకపడి పై పట్టీ కిందా కింద పట్టీ పైనా పెట్టేది, నేను ఇక్కడి నుంచే చూసి లోలోపల సంతోషించేదాన్ని. రెండు ఆటలకి నేర్చేసుకుంది. పక్క కుర్చీలో ఒక తల్లి నాతో, మీ పెద్దమ్మాయి చాలా మంచిది, చెల్లెల్ని ఎంత బాగా చూసుకుంటుందో అంది.

“పెద్దమ్మాయి కాదు. మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటుంది,” అన్నాను. కొంచెం గట్టిగానే అన్నానేమో, ముందు వరసలో వాళ్ళు కూడా వెనక్కి తిరిగారు.

ఇంక ఇంట్లో నా సణుగుడు మొదలైంది. అమృత స్నానం చేస్తే వేడినీళ్ళు అయిపోతున్నాయన్నాను. కింద లైటు వేసి మర్చిపోతోందన్నాను. పోపు పెడితే పొగ అలారం మోగుతుందన్నాను, నా పోపుకి అది రోజూ మోగుతున్నా. శనివారాలు ఆ పిల్ల ఉపవాసం ఉంటుందని తెలిసీ సరిగ్గా శనివారమే చేపల పులుసు పెట్టాను. ఇల్లంతా ఘుమఘుమలాడింది. ఆ పిల్ల పైకి వచ్చి, “వాసన మస్తున్నది ఆంటీ, రేపటికి నాకు జర దాచుండ్రి,” అని పెరుగు గిన్నె పట్టుకుని కిందకి పోయింది. నేను పెట్టిన మంట నాకే అంటుకుంది. దాచక తప్పలేదు, ముక్కలు కూడా తోక ముక్కలు కాదు, మంచివే దాచాను. అందుకు కూడా ఒళ్ళు మండింది.

జూన్ చివర్లో నేను ఒక సంగతి కనిపెట్టాను. అబ్బీ కుడిచెయ్యి వీపు వెనక ఉండటం లేదు. బంతి వస్తుందనగా మెల్లగా ముందుకి పాకి, గ్లవ్ పక్కన చేరుతోంది. రాన్ అరిస్తే వెనక్కి పోతుంది, నాలుగు బంతులయ్యాక మళ్ళీ వస్తుంది. అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి నేను పెద్దగా కష్టపడక్కర్లేదు. రోజూ పెరట్లో వినపడేదే. ‘రెండు చేతులు, అబ్బీ, రెండు చేతులు.’ వికెట్ కీపర్‌కి రెండు చేతులకీ గ్లవ్స్ ఉంటాయి. క్యాచర్‌కి ఒక్క చేతికే. టెన్నిస్ బంతితో ఆడుతున్నంతసేపూ ఆ తేడా ఎవరికి కనపడుతుంది? కంచె బయట ఖాళీగా కూర్చున్న నాకు కనపడింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. “అమృతా, దాని చేత రెండు చేతులు కలిపించకు. కుడిచెయ్యి వెనక ఉండాలి. బంతి తగిలితే వేలు పోద్ది.”

“ఒక్క చేతితోని పడితే బంతి జారుతది ఆంటీ. రెండు చేతులుంటే భద్రం. మా సార్ కొట్టి కొట్టి నేర్పిండు,” అంది ఆ పిల్ల, నిజంగానే నాకు నచ్చజెబుతున్నట్టు.

“మీ సారు క్రికెట్టు సారు. ఇది వేరే ఆట.”

అబ్బీ కంచం పక్కకి తోసింది. నువ్వెప్పుడూ ఆడలేదు మామ్, అక్క ఏం చేసినా నీకు నచ్చదు, నీళ్ళు నచ్చవు, లైట్లు నచ్చవు, ఇప్పుడు ఇది, అని గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో అనేసి లేచిపోయింది. అమృత తల దించుకుని, అబ్బీ కంచం కూడా తీసుకుని సింకు దగ్గరికి పోయింది. ఎలియాజరు నా వైపు చూసి, “ఎందుకే ఆ పిల్లని అలా దెప్పుతావు, మనల్ని నమ్ముకుని వచ్చింది,” అన్నాడు.

నేను చెప్పింది నిజమని ఆ బల్ల దగ్గర ఒక్కరికీ తోచలేదు. వాళ్ళని ఏమనగలను? రెండు నెలలుగా నేను ఏ గొంతుతో సణుగుతున్నానో ఇదీ అదే గొంతుతో చెప్పాను. మళ్ళీ చెప్పాలనుకున్నాను. చెబితే మళ్ళీ అదే మాట పడాలి. సరే, వాళ్ళ కర్మ అనుకున్నాను.

జులైలో లండన్‌లో టోర్నమెంటు, ఇంగ్లాండులోది కాదు, ఇక్కడ కెనడాలోనే ఉన్న లండన్. మాకు గంట ప్రయాణం. ఎలియాజరు డ్యూటీలో ఉన్నాడు, వాళ్ళిద్దరూ వెనక, నేను ముందు. ఎండ మాడ్చేస్తోంది. రెండో ఆట మధ్యాహ్నం. బంతి విసురుతున్నది మా జట్టు పిల్లే, బ్యాట్ పట్టింది మాత్రం అవతలి జట్టులో బాగా బలమైన పిల్ల. బంతి వచ్చింది, ఆ పిల్ల బ్యాట్ ఊపింది. బంతి బ్యాట్ అంచుకి గీసుకున్న చిన్న చప్పుడు, వెంటనే ఇంకో చప్పుడు వినపడ్డాయి. రెండోది గ్లవ్‌లో పడిన చప్పుడు కాదు.

అబ్బీ అరవలేదు. లేచి నిలబడి, కుడిచేతిని తొడల మధ్య పెట్టుకుని రెండడుగులు వేసి, మట్టిలో కూలబడింది. నాలుగేళ్ళుగా వెళ్ళి వస్తున్న కంచె గేటు ఆ క్షణంలో ఎక్కడుందో నాకు గుర్తు రాలేదు. కంచె పొడుగునా పరిగెత్తి, చుట్టూ తిరిగి చేరేసరికి అమృత దాని మాస్కు తీసేసి తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఉంగరపు వేలు చివర పక్కకి తిరిగిపోయింది. గోరు లేచి నిలబడింది. గ్లవ్ నిండా రక్తం. అమృత ఆ వేలినే చూస్తోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. తన రెండు చేతులూ దగ్గరికి తెచ్చి, వాటిని చూసుకుని, మళ్ళీ వేలిని చూసింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆ పిల్లకి అర్థమైంది.

నాకు మొదట వచ్చిన ఆలోచన, నేను చెప్పాను కదా అని. రెండోది, ఇంక ఈ పిల్ల మా ఇంట్లో ఉండదు అని. ఆ రెండో ఆలోచనలో సంతోషం ఉంది. కూతురి వేలు అలా వేలాడుతుంటే నాకు సంతోషం కలిగింది, దాన్ని ఇంకో పేరుతో పిలవలేను. రాన్ ఐసు పెట్టి, గుడ్డ చుట్టి, మమ్మల్ని కారెక్కించాడు. ఆసుపత్రికి పోయే దారంతా నేను ఆ పిల్లతో అనాల్సిన మాట ఒక్కొక్క ముక్కా ఏర్చి పెట్టుకున్నాను. ‘నా కూతురి చెయ్యి విరగ్గొట్టావు. నేను చెప్పినా వినలేదు. సామాను సర్దుకుని వెళ్ళిపో.’ ఈసారి ఎలియాజరు కూడా కాదనలేడు. అబ్బీ మళ్ళీ ముందు సీటులోకి వస్తుంది, నా బిడ్డ నాకు దక్కుతుంది. అద్దంలో చూస్తే వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం లేదు. అబ్బీ పళ్ళు బిగబట్టి కూర్చుంది, అమృత దాని మోచెయ్యి కదలకుండా పట్టుకుంది.

అత్యవసర విభాగంలో చాలాసేపు కూర్చోబెట్టారు. ఎక్స్‌రే తీశారు. చివరికి ఒక నర్సు వచ్చి, ఎముక సరిచేసి గోరు కింద కుట్లు వెయ్యాలి, పాపతో లోపలికి ఒక్కరే రావచ్చు అంది.

నేను లేచాను. నా పక్కనే అమృత కూడా లేచింది. కన్నతల్లిని నేనక్కడ నిలబడి ఉండగానే. అబ్బీ ఇద్దరి మొహాలూ చూసింది. ఆ చూపు నా మీద నుంచి అమృత మీదకి, మళ్ళీ నా మీదకి వచ్చింది.

“మామ్,” అంది.

అమృత కూర్చుండిపోయింది. తలుపు దాటుతూ నేను వెనక్కి తిరిగి ఆ పిల్లని చూశాను. ఎలా చూశానో నాకు తెలుసు.

లోపల డాక్టరు చిన్న కుర్రవాడు, నెమ్మదస్తుడు. వేలు మొదట్లో తిమ్మిరి ఇంజెక్షన్ ఇవ్వాలి, అది అన్నిటికన్నా ఎక్కువ నొప్పి అని దాచకుండా చెప్పాడు. నేను అబ్బీ తల నా పొట్టకి ఆనించుకున్నాను. సూది దిగింది. దాని ఒళ్ళంతా కొయ్యబారింది, నోట్లోంచి మాత్రం శబ్దం రాలేదు. నాకు భయమేసింది.

“మామ్,” అంది, పళ్ళ మధ్య నుంచి. “డోర్ వేసి ఉందా?”

“వేసుంది.”

“అక్కకు ఇనబడదా?”

“వినపడదమ్మా.”

అప్పుడు ఏడ్చింది. అలాంటి ఏడుపు అది చంటిపిల్లగా ఉన్నప్పుడు తప్ప నేను మళ్ళీ వినలేదు. ఒళ్ళంతా ఊగిపోయేలా, ముక్కు కారేలా, సిగ్గు లేకుండా ఏడ్చింది. నా బట్టలు తడిసిపోయాయి.

“అక్క ముందర ఏడ్వలేను,” అంది వెక్కిళ్ళ మధ్య. తెలుగులోనే అంది. నాతో తెలుగులో మాట్లాడటం అదే మొదటిసారని దానికి తెలుసో లేదో. “నేను ఏడిస్తే అక్క ఎల్లిపోతది. నీ ముందర ఏడుస్త.”

“నేను మాత్రం వెళ్ళిపోనని ఏంటి నమ్మకం?”

అది తడి మొహం ఎత్తి నన్ను చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు. “నువ్వు యాడికి పోతవ్?”

డాక్టరు ఎముక సరిచేశాడు, కుట్లు వేశాడు, వేలికి రేకు కట్టు కట్టాడు. అంతసేపూ అది ఏడుస్తూనే ఉంది, నేను తల నిమురుతూనే ఉన్నాను. కట్టు పూర్తయ్యాక కాస్త తెరిపిన పడి, ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

“అక్కకి చెప్పకు. రెండు చేతులు అని చెప్పకు. చెయ్యి దాచుడు నేనే మర్చిపోయిన అని చెప్పు. ప్లీజ్, మామ్.”

అంత నొప్పిలోనూ దాని దిగులంతా అక్క మీదే. నాకు మళ్ళీ కడుపు రగిలింది. ఒక పక్క అది తల పెట్టుకున్న చోట నా పొట్ట మీద బట్ట ఇంకా వెచ్చగా ఉంది, ఇంకో పక్క ఈ రగులుడు. అక్కని అలా దాచుకుంటోంది, నన్నెప్పుడైనా దాచుకుందా? దాచుకోవాల్సిన అవసరం లేని మనిషిని కదా నేను, ఎక్కడికీ పోనిదాన్ని.

ఇంకొకసారి ఎక్స్‌రే తియ్యాలని దాన్ని తీసుకెళ్ళారు. నేను బయటికి వచ్చాను. బయట ఇంకా వెలుతురుగానే ఉంది. అమృత అదే కుర్చీలో గేరు సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూడగానే లేచింది.

“నా వల్లనేనా ఆంటీ?”

కారులో ఏర్చి పెట్టుకున్న మాట నా నాలుక చివరే ఉంది. ఒక్క మాట అంటే చాలు, ఆ పిల్ల రేపటికల్లా తనంతట తనే సూట్‌కేసులు సర్దుకుంటుంది. నేను పొమ్మనే అవసరం కూడా ఉండదు. కావాలని కోరుకున్నది ఇంత దగ్గరగా వచ్చినప్పుడు దాన్ని వదలడం ఎంత కష్టమో నేను చెప్పలేను.

“కాదు,” అన్నాను. “అది చెయ్యి దాచుకోవడం మర్చిపోయింది. బంతి ఎవరికైనా తగులుద్ది.”

మంచితనం వల్ల అనలేదు. నా కూతురు నన్ను అడిగింది ఒక్కటే, అది నేను కాదంటే ఇంకెప్పుడూ ఏమీ అడగదని అన్నాను. అమృత నమ్మిందో లేదో తెలియదు. సంచీ ఒళ్ళోంచి జారిపోయింది, రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల ఫోను మోగింది. వీడియో కాల్. ‘అమ్మ’ అని కనపడుతోంది.

“నేను ఇట్ల మాట్లాడలేను ఆంటీ,” అని ఫోను నా చేతిలో కుక్కింది. “జర మీరు చెప్పుండ్రి, బాత్రూంల ఉన్నా అని.”

ఫోనులో చంద్రకళగారు కనపడ్డారు. అమృత వాళ్ళమ్మ బస్సు కండక్టరని నాకు తెలుసు గానీ చూడటం అదే మొదలు. అక్కడ తెల్లవారుతోంది. చీర మీద ఖాకీ కోటు, వెనకాల బస్సుల రొద, తల ఇంకా తడిగానే ఉంది.

“నమస్తే. మీరు ఆంటీ గదా. మా పిల్ల ఏది?”

“బాత్రూంలో ఉందండీ.”

ఆమె తల పక్కకి వంచి చెవి పెట్టింది. “ఏడుస్తుంది గదా. నాకు ఇనబడుతుంది.”

అబద్ధం ఆడటం నాకు ఆ పూట మూడోసారి చేతకాలేదు. “మా పాపకి ఆటలో వేలు విరిగిందండీ. ఆసుపత్రిలో ఉన్నాం. దానికోసం ఏడుస్తోంది.”

“అయ్యో. పాప మంచిగున్నదా ఇప్పుడు?”

“కట్టు కట్టారండీ. పర్వాలేదు.”

“మీ పాప కోసం ఏడుస్తుందా,” అంది ఆమె. అడగలేదు, తనలో తను అనుకున్నట్టు అంది. వెనకాల ఎవరో బస్సు హారన్ కొట్టారు, ఆమె అటు చూడలేదు. “పిల్ల మీ ఇంటికొచ్చిన కొత్తల నేను బస్సు మెట్ల మీదికెల్లి పడ్డ. చెయ్యి విరిగి పట్టీ ఏసిన్రు. ఫోన్ల చెప్తే, జాగ్రత్తమ్మా అన్నది. నవ్వుకుంటనే అన్నది. ఏడ్వలే.”

“దూరాన ఉంది కదండీ. మీరు కంగారు పడతారని ఆపుకునుంటుంది.”

“నేను గూడ గట్లనే అనుకున్న.” కొంగుతో మెడ తుడుచుకుంది. “పోనీలెండి. మీ దగ్గరనన్న ఏడుస్తుంది. మంచిగ చూసుకుంటున్నరు మా పిల్లను.”

ఆ చివరి మాటలో ఏముందో నాకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఏప్రిల్ నుంచీ నా నోట్లోంచి వస్తున్న గొంతే అది. ప్రపంచానికి అవతలి పక్కన ఒకామె పొద్దున్నే డ్యూటీకి పోతూ నా మీద కుళ్ళుకుంటోంది, నేనేమో ఇక్కడ ఆమె కూతురి మీద కుళ్ళుకుంటూ కూర్చున్నాను.

“ఒక్క నిమిషం ఉండండి, ఇస్తాను,” అన్నాను.

అమృత అప్పటికే కుర్తా చేతులతో మొహం గబగబా తుడుచుకుంటోంది. ముక్కు ఎగబీల్చి, పెదాలు సాగదీసి, నవ్వు మొహం ఒకటి తెచ్చి పెట్టుకుంటోంది. అలవాటైన పనిలాగే ఉంది. నేను ఆ చేతిని పట్టుకుని మొహం మీద నుంచి తీశాను.

“తుడుచుకోకు.”

“ఇట్లనే ఎట్ల ఆంటీ? అమ్మ పరేషాన్ అయితది.”

“కానీ. ఏడుస్తూనే మాట్లాడు,” అని, ఫోను ఆ పిల్ల చేతిలో పెట్టి, ఆ ఏడుపు మొహమంతా చంద్రకళగారికి కనపడేలా తిప్పాను.